దయ్యాల ఊరేగింపులో మణికుమారి డ్యూటీ

మణికుమారి నర్సు. ఒమాన్ దేశంలో షినాస్ అనే ఊళ్ళో సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఒక చిన్న ప్రైవేటు క్లినిక్‌లో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. జాలర్ల చేతుల్లో దిగబడ్డ గాలాలు తీయడం, షుగరున్న ముసలమ్మల కాళ్ళకు కట్లు కట్టడం, తోటల్లో పనిచేసేవాళ్ళకు ఎండదెబ్బ తగిలితే సెలైన్ పెట్టడం ఆమె పని. సొంతూరు నరసాపురం దగ్గర. భర్త ప్రసాద్ బాబు అక్కడే జిరాక్స్ షాపు నడుపుతాడు. శుక్రవారాలు పక్క పట్నం సొహార్‌లో జరిగే తెలుగువాళ్ళ ప్రార్థన కూటంలో స్త్రీల సమాజానికి ఆమె కార్యదర్శి.

దయ్యాలంటే ఆమెకు భయం లేదు. అవి లేవని ఆమె నమ్మకం. ఒకవేళ ఉన్నా తన జోలికి రావని ఇంకో నమ్మకం. ఈ రెండు నమ్మకాలతోనూ నలభై ఆరేళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయాయి.

ఆ క్లినిక్‌కి వారానికి రెండుసార్లు వచ్చే పేషెంటు మోజా. డెబ్బై రెండేళ్ళ ఒమానీ ముసలమ్మ. ఊరంతా ఆమెను హబూబా అంటారు, అంటే అవ్వ అని. ఆమె ముఖానికి ఎప్పుడూ బుర్గా ఉంటుంది. మన వైపు బుర్ఖా అంటే తల నుంచి పాదాల దాకా కప్పేది. షినాస్ ముసలమ్మల బుర్గా ముఖానికి మాత్రమే. నీలిమందు అద్ది మెరుగు పెట్టిన గుడ్డ, ఎండలో ఇత్తడి రేకులా మెరుస్తుంది. కళ్ళ దగ్గర రెండు కంతలు, ముక్కు మీద నిలువుగా ఒక సన్నటి పుల్ల. హబూబా అవి కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. నలభై ఏళ్ళు కుట్టి సంతలో అమ్మింది. నేల మీద కూర్చుని కుట్టీ కుట్టీ మోకాళ్ళు అరిగిపోయాయి.

ఆమె కొడుకు ఖల్ఫాన్‌కి చేపల కోసం ఐసు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. తల్లికి బ్యాంకాక్‌లో మోకాలి ఆపరేషన్ చేయించాలని నిర్ణయించాడు. హబూబా ఒకే ఒక షరతు పెట్టింది.

"సిస్టర్ మణి రావాలి. నా కాలు దానికి తెలుసు. దాని సంగతి నా కాలికి తెలుసు."

క్లినిక్ ఉన్న బిల్డింగు ఖల్ఫాన్‌దే. అందుకని మణికుమారికి రెండు నెలల సెలవు అడగకుండానే వచ్చింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కుడి మోకాలి స్థానంలో కొత్త మోకాలు కూర్చుంది. చిక్కు ఆ తర్వాత వచ్చింది. కాలు నడవడానికి సిద్ధంగా ఉంది, హబూబా సిద్ధంగా లేదు. ఫిజియోథెరపీ చేసే మాలీ అనే థాయ్ అమ్మాయి రోజూ ఉదయం వాకర్ తెచ్చి మంచం పక్కన పెట్టేది. హబూబా దాన్ని మేకను చూసినట్టు చూసేది.

"లేవండి హబూబా. వరండా చివరిదాకా వెళ్ళొద్దాం," అని మణికుమారి బతిమాలేది. ఇద్దరి మధ్యా నడిచే భాష సగం అరబ్బీ, సగం హిందీ, మిగతాది చేతులు.

"వరండా చివర ఏముంది?"

"కిటికీ ఉంది."

"కిటికీ అవతల?"

"ఇంకో ఆసుపత్రి."

"ఇక్కడ ఒక ఆసుపత్రి ఉందిగా. ఇంకోదాని దగ్గరికెందుకు నడవాలి? మనిషి నడిచేది ఎక్కడికైనా వెళ్ళడానికి. ఊరికే నడిచేది గానుగెద్దు."

నెల గడిచింది. డాక్టరు వచ్చి, ఇలాగే పడుకుంటే కొత్త మోకాలు కూడా పాతదానిలాగే బిగుసుకుపోతుందని హెచ్చరించాడు. హబూబా ఆయన మాట శ్రద్ధగా విని, ఆయన చొక్కా బొత్తాం ఊడిపోతోందని చెప్పి కుట్టిచ్చింది.

ఇంక చేసేదేమీ లేక ఒకరోజు మాలీ తన ఊరి కబుర్లు మొదలుపెట్టింది. మాలీది లావోస్ సరిహద్దు దగ్గర కొండల మధ్య ఒక పల్లె. వానాకాలం మొదట్లో అక్కడ ముసుగు దయ్యాల పండగ జరుగుతుంది. పూర్వం ఒక రాజకుమారుడు ఊరు విడిచి అడవికి పోయి చాలాకాలానికి తిరిగొచ్చాడట. జనం సంతోషం పట్టలేక డప్పులతో, కేకలతో ఎంత గోల చేశారంటే, చచ్చిపోయినవాళ్ళు కూడా నిద్రలేచి ఊరేగింపులో కలిశారట. అందుకే ఏటా జనం దయ్యాల ముసుగులు వేసుకుని, నడుముకు డబ్బాలు కట్టుకుని, ఊరంతా తిరిగి గుడికి వెళ్తారు.

మాలీ ఇంగ్లీషులో చెప్పింది, మణికుమారి హిందీలోకి మార్చింది.

"చచ్చినవాళ్ళు లేచి నడిచారా?" అంది హబూబా.

"అలా అంటారు."

"మోకాళ్ళతోనే?"

ఆ ముక్క కథలో లేదని మాలీ ఒప్పుకుంది.

"అయితే నన్ను అక్కడికి తీసుకెళ్ళండి. నడుస్తాను. చచ్చినవాళ్ళే నడిస్తే నేను నడవలేనా?"

డాక్టరు మొదట నవ్వాడు. తర్వాత ఆలోచించాడు. ఆ మధ్యాహ్నమే హబూబా మంచం దిగి వరండా చివరిదాకా రెండుసార్లు వెళ్ళొచ్చేసరికి కాగితం మీద సంతకం పెట్టాడు. ఖల్ఫాన్ ఫోనులో అరిచాడు. "వద్దంటే చెప్పు, మళ్ళీ పడుకుంటాను," అని తల్లి చెప్పేసరికి అతను కూడా సరేనన్నాడు. విమానం టిక్కెట్లు అతనే పంపించాడు.

మణికుమారి మనసు మాత్రం ఒప్పుకోలేదు. "హబూబా, మీ మతంలో దయ్యాల పండగకి వెళ్ళొచ్చా?" అని అడిగింది, వద్దనే మాట ఆమె నోటి నుంచే వస్తుందేమోనన్న ఆశతో.

"నేను పండగకి వెళ్ళట్లేదు. నడవడానికి వెళ్తున్నాను. దారిలో దయ్యాలుంటే అది వాటి ఇష్టం."

ఈ వాదన మణికుమారికి పనికొచ్చేలా కనిపించింది. కానీ భర్తకి ఫోన్ చేసినప్పుడు అది అంత తేలిగ్గా నోట్లోంచి రాలేదు.

"ఎక్కడికీ?" అన్నాడు ప్రసాద్ బాబు. వెనకాల జిరాక్స్ మిషన్ గరగరమంటోంది.

"దయ్యాల పండక్కండి."

"డ్యూటీయా?"

"డ్యూటీయేనండి."

"పంతొమ్మిదేళ్ళ నుంచి చూస్తన్నాను, నీకు పడ్డన్ని రకాల డ్యూటీలు ఇంకెవరికీ పడవే. పోనీ, నైట్ డ్యూటీ కాదు కదా?"

"కాదండి. పగలే వస్తాయంట."

"పగలొచ్చే దయ్యాలా? అయితే పర్లేదులే. టోపీ పెట్టుకో, ఎండ తగుల్తాది."

లోయి అనే పట్నం దాకా విమానం, అక్కడి నుంచి గంటన్నర వ్యాను. మాలీ కూడా సెలవు పెట్టి వాళ్ళతో వచ్చింది. మాలీ వాళ్ళ ఊళ్ళో ఇళ్ళన్నీ చెక్కవి. వాళ్ళ ఇంట్లో మణికుమారి అడుగుపెట్టగానే అరుగు మీద నలభై దయ్యాలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. రంగులింకా తడిగా ఉన్నాయి. వాటి మధ్య ఒక ముసలాయన కూర్చుని నలభై ఒకటో దయ్యానికి పళ్ళు గీస్తున్నాడు.

ఆయన మాలీ తాత. ఎనభై ఏళ్ళుంటాయి. మాలీ ఆయన్ను "తా" అని పిలిచింది. వాళ్ళ భాషలో అమ్మ తండ్రిని అలాగే అంటారట. మణికుమారికి అది తాత అనబోయి సగంలో ఆగిపోయినట్టు వినిపించింది.

తాత ముసుగులు చేసే తీరు ఆమె దగ్గరగా చూసింది. జిగురుబియ్యం ఆవిరి మీద ఉడికించే వెదురుబుట్టను బోర్లించి టోపీలా తలకు పెడతారు. ముఖానికి కొబ్బరి మట్ట అడుగుభాగం. దానికి కళ్ళ కంతలు కోసి, మూరెడు పొడవు చెక్క ముక్కు చెక్కి తగిలిస్తారు. దాని మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల తీగలు. కొబ్బరి మట్ట కనబడేసరికి ఆమెకు నరసాపురం గుర్తొచ్చింది. ఆ మట్టలు తాము పొయ్యిలో పెట్టేవాళ్ళు. వాటికి ముక్కులుండొచ్చని ఎవరికీ తట్టలేదు.

తాత తలెత్తి హబూబాని చూశాడు. చేతిలో కుంచె ఆగిపోయింది. లేచి దగ్గరికొచ్చి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి, ఆమె బుర్గాను ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి చూశాడు. ఏదో అడిగాడు.

"ఈవిడది ఏ దయ్యం అంటున్నాడు," అంది మాలీ, కాస్త సిగ్గుపడుతూ.

మణికుమారి ఈ ప్రశ్నను ఎలా మెత్తబరచాలో తెలియక ఉన్నదున్నట్టే చెప్పేసింది.

"దయ్యం కాదు. నేనే," అంది హబూబా.

తాత తలూపాడు. నమ్మినట్టు లేదు. "ముక్కు చాలా చిన్నది. ఇంత చిన్న ముక్కుతో ఎవరూ భయపడరు."

"భయపెట్టడానికి కాదయ్యా. గౌరవానికి. నీ ముక్కు మాత్రం ఏం ముక్కు? దాంతో మనిషి నీళ్ళెలా తాగుతాడు?"

"దయ్యం నీళ్ళు తాగదు."

"మరి లోపలున్నవాడు?"

తర్వాత గంటసేపు ఆ అరుగు మీద ముక్కుల గురించి వాదన జరిగింది. తాత థాయ్‌లో అంటే మాలీ ఇంగ్లీషులో చెప్పేది, మణికుమారి దాన్ని హిందీ చేసి, హిందీ చాలనిచోట అరబ్బీ కలిపి హబూబాకి అందించేది. జవాబు అదే దారిన వెనక్కి వెళ్ళేది. ముక్కు నిటారుగా ఉండాలా, కొన వంగాలా? పుల్ల లోపల పెట్టాలా, బయట కట్టాలా? స్త్రీల సమాజం కార్యదర్శి మణికుమారి జీవితంలో మొట్టమొదటిసారి దయ్యపు ముక్కు కొలతల మీద నోరు నొప్పెట్టేదాకా మాట్లాడింది. మధ్యలో ఒకచోట హబూబా మాట తనకే తప్పనిపించి, తన సొంత అభిప్రాయం కూడా కలిపేసింది. అది ఎవరూ గమనించలేదు.

పండగయ్యాక ఈ ముసుగుల్ని ఏం చేస్తారని హబూబా అడిగింది. ఇప్పుడు దాచుకుంటున్నారు గానీ, తన చిన్నప్పుడు అన్నీ ఏట్లో వదిలేసేవాళ్ళమని తాత చెప్పాడు. హబూబా గుండె మీద చెయ్యేసుకుంది. "ఇన్ని రోజుల పని నీళ్ళలో పారేస్తారా? ఈ ఊళ్ళో అసలు దయ్యాలెవరో ఇప్పుడర్థమైంది." ఈ ముక్క మాత్రం మణికుమారి అనువదించలేదు.

మర్నాడు ఉదయానికి ఊరు ఊరంతా దయ్యాలైపోయింది. రంగురంగుల గుడ్డపేలికలు కలిపి కుట్టిన అంగీలు, నడుముకు ఖాళీ డబ్బాలు, మెడలో పశువుల గంటలు. ఒక్కో దయ్యం కదిలితే వంటిల్లు మొత్తం మెట్ల మీంచి దొర్లినట్టు చప్పుడు. కొన్నింటి చేతుల్లో చెక్కతో చేసిన, ఎర్ర రంగు పూసిన వస్తువులున్నాయి. అవేమిటో మణికుమారికి రెండు క్షణాలు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆకాశం వైపు చూసింది. పంటలు బాగా పండాలని, పిల్లలు పుట్టాలని అవి పట్టుకుంటారని మాలీ వివరించింది. హబూబా వాటిని తీరిగ్గా చూసి, "ఇవైతే ముక్కులకంటే బాగా చెక్కారు," అని నవ్వడం మొదలుపెట్టి, కొత్త మోకాలు అదిరేదాకా నవ్వింది.

ఊరేగింపు మొదలయ్యే చోట గొడుగు కింద బల్ల వేసుకుని ఒకావిడ పేర్లు రాసుకుంటోంది. మధ్యలో దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. ముసుగు ఉన్నవాళ్ళు తాడుకు అటు, లేనివాళ్ళు ఇటు. ఆవిడ హబూబాని చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. పుస్తకం తెరిచి మాలీని అడిగింది.

"పెద్ద దయ్యమా, చిన్న దయ్యమా?"

"చిన్నదే," అంది మాలీ.

మణికుమారి దాన్ని హబూబాకి చెప్పింది. అలా చెప్పడం పొరపాటైంది.

"నేను చిన్నదాన్నా? నాకు పదకొండుమంది మనవలు!"

బల్ల దగ్గరి ఆవిడ ఓపిగ్గా వివరించింది. పెద్ద దయ్యమంటే రెండు నిలువుల ఎత్తు బొమ్మ. దాన్ని కట్టాలంటే ముందుగా ఊరి పెద్దల అనుమతి ఉండాలి. ఈ ముసలమ్మ ఎత్తు చాలదు, పైగా అనుమతి కాగితం లేదు. హబూబా పట్టు విడవలేదు. వెనకాల ముప్ఫై దయ్యాలు లైన్లో నిలబడి డబ్బాలు మోగిస్తున్నాయి. చివరికి ఆ ఆవిడే దారి కనిపెట్టింది. చిన్న దయ్యాల జాబితాలోనే, పక్కన "వయసులో పెద్ద" అని రాసింది. రెండు వందల పధ్నాలుగో నంబరు గుడ్డముక్క హబూబా ఒంటినిండా కప్పుకున్న నల్లటి అబాయాకి పిన్నుతో గుచ్చింది. ఒక దయ్యం ముచ్చటపడి వాకర్‌కి రెండు గంటలు కట్టింది.

మణికుమారి కూడా తాడు దాటబోయింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. ముసుగు లేదు.

"నేను నర్సునండీ! ఆవిడ నా పేషెంటు! పక్కన లేకపోతే ఎలా?"

మాలీ చెప్పి చూసింది. ఆవిడ నర్సులంటే తనకు చాలా గౌరవమని, తన చెల్లెలు కూడా నర్సేనని, అయినా ముసుగు ఉండాల్సిందేనని చెప్పింది. తాడుకు అవతల హబూబా అప్పటికే నాలుగడుగులు వేసేసింది.

మాలీ పరుగెత్తి వెళ్ళి తాత అరుగు మీంచి ఒక ముసుగు, ఒక పేలికల అంగీ, నడుముకు కట్టే డబ్బాలు తెచ్చింది. ముసుగు ఆకుపచ్చది. ముక్కు మూరెడు పైనే. పళ్ళు పై వరసలో పదహారు. మణికుమారి దాన్ని చేతుల్లో పట్టుకుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఇది డ్యూటీ. నీకు తెలుసు," అని, తల మీద బోర్లించుకుంది.

లోపల చీకటిగా, వేడిగా, ఉడికిన బియ్యం వాసనగా ఉంది. రెండు కంతల్లోంచి లోకం రెండు ముక్కలుగా కనిపించింది. మొదటి అడుగులోనే ఆమె ముక్కు ముందున్న దయ్యం వీపులో గుచ్చుకుంది. ఆ దయ్యం వెనక్కి తిరిగి దణ్ణం పెట్టింది. ఆమె కూడా పెట్టబోతే చేతులకి ముక్కు అడ్డంపడింది.

హబూబా బ్రహ్మాండంగా నడుస్తోంది. వాకర్ ముందుకు, ఎడం కాలు, కుడి కాలు, గంటలు గణగణ. మణికుమారి పక్కనే ఉండి అడుగులు లెక్కబెడుతోంది. నూటపది, నూటపదకొండు. వెనకాల లారీ మీద డప్పులు, తాళాలు, చెవులు గింగుర్లెత్తించే పెద్ద మైకు. దయ్యాలు చుట్టూ చేరి నడుము ఊపుతున్నాయి. రెండు వందల నలభై. ఒక ఎర్ర దయ్యం మణికుమారి ఎదుటికొచ్చి, చెయ్యి పట్టుకుని గుండ్రంగా తిప్పింది. వదిలించుకుంది. ఇంకోటి వచ్చి తిప్పింది.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకు సరిగ్గా తెలియదు. నడుముకి కట్టిన డబ్బాలు మోగుతున్నాయి. మోగుతున్నాయంటే నడుము కదులుతున్నట్టే. ఆపుదామనుకుంది. తాళం మారింది, దాంతోపాటు ఆమె అడుగూ మారింది. ఎవరూ తనను సిస్టర్ అనడం లేదు, అమ్మా అనడం లేదు, కార్యదర్శిగారూ అనడం లేదు. చేతులు గాల్లోకి లేచాయి. ఎడమకు రెండు, కుడికి రెండు, చుట్టూ ఒకటి. ఆమె పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ ఆడలేదు. అయినా తరువాతి అడుగేమిటో కాళ్ళకు తెలిసినట్టే ఉంది.

డప్పులు ఒక్క క్షణం ఆగినప్పుడు ఆమెకు తెలివొచ్చింది. పక్కకు చూసింది. హబూబా లేదు.

ఇటు దయ్యం, అటు దయ్యం. ముందు వంద, వెనక వంద. "హబూబా! హబూబా!" అని అరిచింది. కొబ్బరి మట్ట లోపల ఆ అరుపు ఆమె చెవులకే తిరిగొచ్చింది. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో పేషెంటును వదిలి అర నిమిషం పక్కకు పోని మనిషి, ఆపరేషన్ అయిన ముసలమ్మను ఎనిమిది వందల దయ్యాల మధ్య పోగొట్టుకుంది. అదీ డాన్సు చేస్తూ.

పరుగెత్తింది. రెండు వీధులు దాటాక ఒక కిరాణా కొట్టు పంచన నల్లటి బట్ట, ఇత్తడిలా మెరిసే బుర్గా కనిపించాయి. వాకర్ లేదు, చేతికర్ర ఊతంగా నిలబడి ఉంది. మణికుమారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎంత కంగారు పెట్టేశారు! వాకర్ ఎక్కడ పారేశారు? కూర్చోండి ముందు!" అని హిందీలో కేకలేసి, రెక్క పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది. నాడి చూసింది. డెబ్బై ఆరు. బాగుంది. మోకాలు చాపించి, మడిచి, మళ్ళీ చాపించింది. "పదిసార్లు ఎత్తండి. ఏక్, దో, తీన్..." హబూబా ఏనాడూ ఇంత బుద్ధిగా మాట వినలేదు. పది ఎత్తమంటే పన్నెండు ఎత్తింది.

అప్పుడే ఫోను మోగింది. ఖల్ఫాన్, వీడియో కాల్. మణికుమారి కంగారులో ముసుగు సంగతి మరిచి ఫోనెత్తింది. షినాస్‌లో ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చున్న ఖల్ఫాన్‌కి తెరనిండా ఆకుపచ్చ ముఖం, పదహారు పళ్ళు కనిపించాయి. అతను కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"సార్, నేనే సార్, సిస్టర్ మణి!"

"సిస్టర్..." అని కుర్చీ ముందుకు జరుపుకుని, "మా అమ్మ ఎలా ఉంది?" అన్నాడు.

ఆమె ఫోను పక్కకు తిప్పింది. "అమ్మా, మోకాలు నొప్పిగా ఉందా?" అని ఖల్ఫాన్ అడిగాడు. నల్లబట్టలోని మనిషి తల అడ్డంగా ఊపి, వినయంగా దణ్ణం పెట్టింది.

"అమ్మ ఇంత శాంతంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఏం మందిచ్చారు సిస్టర్?"

"ఏ మందూ ఇవ్వలేదు సార్."

"ఏమిస్తున్నారో అదే ఇస్తూ ఉండండి," అని అతను తృప్తిగా ఫోను పెట్టేశాడు.

మణికుమారి నీళ్ళ సీసా మూత తీసి ముసలమ్మ నోటికి అందించింది. తాగడానికి బుర్గా కాస్త పైకి లేచింది. దాని కిందనుంచి తెల్లటి మీసం బయటికొచ్చింది.

హబూబాకి మీసం లేదు.

అది మాలీ తాత. ముందురోజు సాయంత్రం హబూబా తన సంచిలోని కొత్త బుర్గా ఒకటి ఆయనకు కానుకగా ఇచ్చిందట. అందరూ మూరెడు ముక్కులతో తిరుగుతుంటే ఈసారి తాను చిన్న ముక్కుతో తిరగాలని ఆయనకు బుద్ధి పుట్టి, చనిపోయిన భార్య నల్లశాలువా కప్పుకుని వచ్చాడు. అరుగు మీద తాను చేసిన నలభై ఒక్క దయ్యాలూ ఎంతోమందికి నచ్చాయి గానీ, తన నాడి చూసిన దయ్యం ఇదొక్కటేనని ఆయన తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు. ఇవన్నీ మాలీ వల్ల తర్వాత తెలిసిన సంగతులు. ఆ నిమిషంలో మణికుమారికి అర్థమైంది ఒక్కటే. తాను ఖల్ఫాన్‌కి తల్లిగా చూపించింది ఎవర్నో.

ఇద్దరూ కలిసి దారిలో కాపలా ఉన్న పోలీసు దగ్గరికెళ్ళారు. మణికుమారి ఇంగ్లీషులో, తాత థాయ్‌లో ఒకేసారి చెప్పారు. పోలీసు పుస్తకం తీశాడు.

"తప్పిపోయిన మనిషి గుర్తులు?"

"ముఖానికి ముసుగుంది," అంది మణికుమారి.

పోలీసు పెన్ను పట్టుకుని వీధి వైపు చూశాడు. తర్వాత ఆమె ముసుగు వైపు, తాత ముసుగు వైపు చూశాడు. పెన్ను మూత పెట్టేశాడు. అయినా మంచివాడు. మైకులో చెప్పించాడు: రెండు వందల పధ్నాలుగో నంబరు దయ్యం ఎక్కడున్నా గుడి దగ్గరికి రావాలి, నర్సు ఏడుస్తోంది.

ఆ దయ్యం అప్పటికే గుడి దగ్గర ఉంది. చెట్టునీడన కుర్చీలో కూర్చుని, వాకర్ పక్కన నిలబెట్టుకుని, చెరుకురసం తాగుతోంది. చుట్టూ పదిమంది దయ్యాలు ముసుగులు తీసి, చెమటలు కారుతూ నేలమీద చతికిలబడి ఉన్నారు. హబూబా ఒక్కో ముసుగూ చేతిలోకి తీసుకుని, కుట్టు ఎక్కడ వదులైందో వేలితో చూపిస్తోంది. భాష తెలియకపోయినా వాళ్ళు తలలు దించుకుని వింటున్నారు. ఆమె కిలోమీటరు పైగా నడిచింది.

మణికుమారి ఎదురుగా వెళ్ళి నిలబడింది. హబూబా ఆ ఆకుపచ్చ ముఖాన్ని పరీక్షగా చూసింది.

"సిస్టర్ మణీ, నన్ను నడవమన్నారు, నడిచాను. నువ్వెక్కడ తప్పిపోయావు?"

మణికుమారి ముసుగు తీసి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. మోకాలు తడిమి చూసింది. కాస్త వాచింది, అంతే. అప్పుడు తల వంచుకుని చెప్పింది. "తప్పంతా నాదే హబూబా. నేను... అక్కడ కాసేపు..."

"చూశాను," అంది హబూబా. "ఎడమకు రెండు, కుడికి రెండు. అందుకే నిన్ను పిలవలేదు. వాకర్ తిప్పుకుని నా దారిన నేను వచ్చాను."

ఆ సాయంత్రం మణికుమారి చార్టు రాయడానికి కూర్చుంది. పేషెంటు పన్నెండు వందల మీటర్లు నడిచింది, నొప్పి లేదు, వాపు స్వల్పం. సహాయకులు అన్న గడి దగ్గర చాలాసేపు ఆగి, చివరికి "పలువురు" అని రాసింది.

మస్కట్‌లో దిగినప్పుడు విమానాశ్రయంలో వాళ్ళ పెట్టె తెరిపించారు. తాత కానుకగా ఇచ్చిన ఆకుపచ్చ ముసుగు బయటపడింది. ఇదేమిటని అధికారి అడిగాడు. హబూబా వేలితో మణికుమారిని చూపించి, అరబ్బీలో, "అది ఈమే," అంది. అతను ముసుగును, ఆమె పాస్‌పోర్టు ఫోటోను మార్చి మార్చి చూసి పంపించేశాడు.

హబూబా ఇప్పుడు షినాస్‌లో రోజూ చేపల సంతదాకా కర్రతో నడిచి వెళ్తుంది. ఖల్ఫాన్ మాత్రం, అమ్మ మళ్ళీ మామూలుగానే అరుస్తోందని, బ్యాంకాక్‌లో ఇచ్చిన మందు పేరు చెప్పమని నర్సును అడుగుతూనే ఉన్నాడు.

శుక్రవారం సొహార్ కూటంలో సంఘపెద్ద నోయెల్ గారు మణికుమారిని సాక్ష్యం చెప్పమన్నారు. ఆమె లేచి ఊరేగింపు, ముసుగు, తప్పిపోవడం, దొరకడం అన్నీ చెప్పింది. నోయెల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, అది పెట్టుకున్నప్పుడు నీ మనసులో ఏముంది?"

"పేషెంటండి."

"మరైతే పర్లేదమ్మా," అన్నారాయన. స్త్రీల సమాజంలోంచి ఎవాంజలిన్ అనే ముసలావిడ ఒక్కతే ఇంకో ప్రశ్న అడిగింది, లోపల ఉక్కపోస్తుందా అని. చాలా పోస్తుందని మణికుమారి చెప్పింది. డాన్సు సంగతి మాత్రం అక్కడ చెప్పలేదు.

రూముకొచ్చాక ప్రసాద్ బాబు ఫోన్ చేశాడు. అక్కడ సాయంత్రమవుతోంది, షాపు కట్టేసినట్టున్నాడు. ఆమె అతనికి చెప్పేసింది. పేషెంటును ఎలా వదిలేసిందో, ఎంతసేపు వదిలేసిందో తనకే తెలియదని కూడా చెప్పింది.

"ఏవండీ, కోపమొచ్చిందా?"

"కోపం కాదే. నువ్వెట్టా ఆడుంటావా అని ఊహించుకుంటన్నాను. ఎంతకీ రావట్లేదు."

"ఊరుకోండి."

"ఓసారి చూపించవే."

"ఛీ, ఈ వయసులోనా!"

"ఆ ఊళ్ళో ఎనిమిదొందల మంది చూశారంట, నేను చూడకూడదా?"

మణికుమారి తలుపు గడియ పెట్టింది. వీడియో పెట్టి ఫోనును నీళ్ళ కూజాకి ఆనించి నిలబెట్టింది. చున్నీ నడుముకి బిగించి కట్టుకుంది. డప్పుల్లేవు కాబట్టి నోటితోనే తాళం మొదలుపెట్టి, ఎడమకు రెండడుగులు వేసింది.

"కొంచెం వెనక్కి జరుగు," అన్నాడు ప్రసాద్ బాబు. "కాళ్ళు కనపట్టం లేదు."